ఎర్ర తేళ్ల అంగీ

ఫెళ్లున మంచు పలక పగిలింది. సారంగుడు గుర్రంతో సహా హిమవాహినీ నదిలో పడ్డాడు.

వెనక ఒడ్డున తోడేళ్ల గుంపు నిలబడి నాలుకలు చప్పరిస్తోంది. ముందు ఒడ్డున ఘనశైలపురం కోట పొగమంచులో మసకమసకగా కనిపిస్తోంది. నడుమ కత్తిలా కోసే చన్నీళ్లు. గుర్రం తెలివైనది కాబట్టి యజమానిని వదిలేసి, ప్రవాహం వాలున ఈదుకుంటూ వెళ్లి ఎక్కడో ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకుని తన దారిన తను పోయింది.

సారంగుడికీ ఈత వచ్చు. కానీ ఒంటిమీద ఉన్ని అంగీ ఉందే! పొడిగా ఉన్నంతసేపు ప్రాణం కాపాడే ఉన్ని, తడిసిందంటే మెడకు కట్టిన తిరగలిరాయే. ఇంకొకడైతే దాన్ని విప్పి పారేసి ఒడ్డుకు చేరేవాడు. మనవాడు విప్పలేదు. ఎందుకు విప్పలేదో తెలియాలంటే ఆ దేశాల ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఈలోగా అతన్ని కాస్త ఈదనిద్దాం.

ఏడాదిలో ముప్పాతిక భాగం మంచు కురిసే దేశాలవి. గుమ్మం దాటితే ముక్కు ఊడి చేతిలో పడేంత చలి. అందుకని రాజు మొదలు గొర్రెలకాపరి దాకా అందరూ ముఖానికి ఉన్ని తొడుగు వేసుకుంటారు. కళ్లు తప్ప మరేమీ కనిపించవు. మరి మనిషిని గుర్తుపట్టేదెలా అంటారా? ఎదమీది అల్లికను చూసి! బిడ్డ పుట్టగానే ఆ బిడ్డకంటూ ఒక అల్లిక కూరుస్తారు. బారులు తీరిన హంసలో, విచ్చిన దానిమ్మ పూలో, మెట్లు మెట్లుగా దిగే మెరుపుతీగలో. ఒకరికి కూర్చింది లోకంలో మరొకరికి ఉండదు. ఏడాదికేడాది అంగీ పెద్దదవుతుందే కాని అల్లిక మారదు. చచ్చాక చితిమీదికి వెళ్లేదీ దానితోనే. 'ముఖం అబద్ధమాడుతుంది, అంగీ ఆడదు' అని అక్కడి ధర్మాసనాల గుమ్మాల మీద చెక్కి ఉంటుంది. పరాయివాడి అంగీ తొడుక్కునే నీచుడు ఒకడు పుడతాడని ఆ ధర్మశాస్త్రాలు రాసిన మహానుభావులకు తోచనే లేదు. దానికి శిక్ష కూడా రాయలేదు పాపం.

ఈ అల్లికలు కూర్చడమే సారంగుడి వృత్తి. తుహినపురిలో ఎవరింట బిడ్డ పుట్టినా మంత్రసాని తర్వాత కబురందేది అతనికే. గళ్లు గీసిన పలక ముందేసుకుని, ఒక్కో గడిలో ఒక్కో రంగురాయి పేరుస్తూ, "ఇక్కడ తెలుపు ఒక వరుస తగ్గాలి, లేకపోతే హంస కాస్తా బాతయిపోతుంది" అని తనలో తను గొణుక్కుంటూ కూర్చుంటాడు. టోపీలు, చేతితొడుగులు, మెడపట్టీలు అన్నీ ఆ అంగీకి జోడు కుదిరేలా అతనే కూరుస్తాడు.

అతన్ని మించిన చెయ్యి చెల్లెలు వల్లరిది. ఆమెకు తెలిసిన అల్లిక ఒకటుంది, పేరు వజ్రకవచం. ఆ అంగీ తొడుక్కున్నవాడి ఒంట్లో బాణం దిగదు, కత్తి దిగదు. ఏ పోగు పట్టుకుని మొదలుపెట్టాలో, ఏ ముడితో ముగించాలో తల్లి కన్నుమూస్తూ కూతురి చెవిలో మాత్రమే చెప్పింది. ఘనశైలపురాన్ని పీడిస్తున్న మాంత్రికుడు కాలవృశ్చికుడు ఈ సంగతి పసిగట్టి వల్లరిని ఎత్తుకుపోయాడు. ఆమె రహస్యం చెప్పిన మరుక్షణం ఆమెను చంపుతాడు. తన సైన్యానికంతా ఆ అంగీలు తొడిగి తుహినపురి మీద పడతాడు. వల్లరి ఇంతవరకూ చెప్పలేదు. ఇంకెన్నాళ్లు చెప్పకుండా ఉండగలదో ఎవరికీ తెలియదు. అందుకే సారంగుడు కత్తి పట్టడం రాకపోయినా గుర్రమెక్కాడు.

అతను పుట్టినప్పుడు తల్లి కూర్చిన అల్లికతో ఇప్పటి అంగీ అల్లింది కూడా వల్లరే. నీలి నేల మీద కొమ్ములు పెనవేసుకున్న తెల్ల లేళ్లు. చెరసాల చీకట్లోనైనా చెల్లెలు తనను గుర్తుపట్టాలంటే అదొక్కటే ఆధారం. మరెలా విప్పుతాడు?

విప్పకుండానే, ఎలాగో మునుగుతూ తేలుతూ ఒడ్డెక్కాడు. ఎక్కి చూస్తే అదొక వింత తావు. చుట్టూ మంచు, మధ్యలో సలసల కాగే వేడినీటి ఊట. తెల్లటి ఆవిరి బండల మధ్యనుంచి లేచి, పైన దేవదారు కొమ్మలకు తగిలి, చినుకులై మళ్లీ రాలుతోంది. ఆ చినుకులు పడినచోటల్లా మంచు కరిగి పచ్చటి నాచు కంబళిలా పరుచుకుంది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించనంత దట్టంగా ఉంది ఆవిరి.

సారంగుడు వణుకుతూ తడి అంగీ, ముఖపు తొడుగు విప్పి ఒక వెచ్చటి బండ మీద పరిచాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా, కొమ్మకు వేలాడదీస్తే ఉన్ని సాగిపోతుందన్న సంగతి మాత్రం మరవలేదు. చేతులు రెండూ సమంగా సర్ది, అంచులు లాగి, లేళ్ల కొమ్ములు వంకర పోకుండా వేళ్లతో దిద్దాడు. ప్రాణం పోతున్నా వృత్తి పోదు కదా!

పక్క బండ మీద చెయ్యి పడితే పొడి ఉన్ని తగిలింది. ఎవరిదో అంగీ, ముఖపు తొడుగు, చేతితొడుగులు. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూస్తే నల్లటి నేల మీద ఎర్ర తేళ్లు. సారంగుడు ఆ స్థితిలోనూ ముఖం చిట్లించాడు. మెడ బిగుతు. భుజం కుట్టు దగ్గర తేళ్ల తోకలు సగానికి తెగిపోయాయి. 'ఎవడో చేతకానివాడి కూర్పు' అనుకున్నాడు.

అంతలో తోడేళ్లు మంచు పలకల మీదుగా నది దాటి వచ్చేశాయి. ఊటలోంచి ఎవరో నీళ్లు చిమ్ముకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. వేడినీళ్లలోకి తోడేలు దిగదు, ఆ స్నానం చేసేవాడికి భయం లేదు. భయమంతా ఒడ్డున నిలబడ్డ తనకే. తన అంగీ నీళ్లోడుతోంది. దానితో నాలుగడుగులు కూడా పరుగెత్తలేడు. ముందున్న తోడేలు గుర్రుమంది. సారంగుడు ఇక ధర్మాధర్మాలు చూడలేదు. "తప్పు కాయి తల్లీ!" అని తుహినపురి దేవతకు దణ్ణం పెట్టుకుని, ఆ తేళ్ల అంగీలో దూరి, తొడుగులు లాక్కుని, కోటవైపు కాళ్లకు బుద్ధి చెప్పాడు.

అతను ముందే ఒక ఉపాయం వేసుకున్నాడు. నోరు విప్పితే తుహినపురి యాస పట్టిచ్చేస్తుంది. కాబట్టి కోటలో మూగవాడిలా మసలుకోవాలి. గసపోసుకుంటూ ద్వారం చేరేసరికి తోడేళ్లు వెనక్కి మళ్లాయి. భటులు బల్లేలు పట్టుకుని నిలబడ్డారు. సారంగుడు తన మూగవేషం మొదలుపెట్టబోయాడు. మొదలుపెట్టనే లేదు, భటులందరూ దబ్బున మోకాళ్ల మీద కూలబడ్డారు.

సారంగుడు వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరైనా గొప్పవాడు వస్తున్నాడేమోనని. ఎవరూ లేరు. పక్కకు జరిగి చూశాడు. భటుల తలలు కూడా పక్కకు తిరిగాయి.

ఇంతలో బానపొట్ట మనిషొకడు దొర్లుతున్నట్టు పరుగెత్తుకొచ్చాడు. అతని అంగీ మీద ఒకే ఒక పెద్ద చెవి అల్లి ఉంది. "ప్రభువులు ఇవాళ త్వరగా వేంచేశారే! ఈ ఇంగితభట్టు పల్లకీ పంపేలోపే నడిచి వచ్చారా? ఎంత అపచారం!"

బిగుతు మెడ ఉరితాడులా ఉంది. సారంగుడు వేలు దూర్చి కాస్త లాక్కున్నాడు.

"విన్నారట్రా!" అని అరిచాడు భట్టు. "ప్రభువులు మెడ చూపించారు! ఉత్తర బురుజు కాపలావాడు నిద్రపోయాడు కదా, వాడి తల తీయమంటున్నారు!"

సారంగుడు అదిరిపడి తల అడ్డంగా ఊపాడు.

"ఉత్తగా తీయడం కాదట! తీసి అటూ ఇటూ ఊరంతా తిప్పమంటున్నారు!"

సారంగుడికి ఏం చేయాలో పాలుపోలేదు. చేతులు జోడిస్తే ఇంకెవరి ప్రాణం మీదికి వస్తుందో! ఎక్కడ లేని కోపమూ వచ్చి భట్టు చెంప ఛెళ్లుమనిపించాడు.

భట్టు చెంప తడుముకుంటూ ఆనందబాష్పాలు రాల్చాడు. "క్షమించారు! కాపలావాణ్ణి క్షమించి, ఆ శిక్ష నాకు దయచేశారు! ఏం కరుణ!"

భటులు జయజయధ్వానాలు చేశారు. సారంగుడు గాలికి కొట్టుకుపోయే ఆకులా లోపలికి నడిచాడు. భట్టు వెంట నడుస్తూ వాగుతూనే ఉన్నాడు. "మీ మౌనదీక్ష ముగిసేలోపు మీ నోట ఒక్క మాట దొర్లినా మీ మంత్రశక్తంతా కరిగిపోతుందని తమరే కదా శాసనం చెక్కించారు! మీ ముఖం చూసినవాడు లేడు, గొంతు విన్నవాడు లేడు. ఎర్ర తేళ్లను చూస్తే చాలు, మా గుండెలు జారిపోతాయి. మీ సైగలకు అర్థం చెప్పే భాగ్యం ఈ భట్టుకు దక్కింది."

అప్పుడు వెలిగింది సారంగుడి బుర్ర. తాను తొడుక్కున్నది కాలవృశ్చికుడి అంగీ! ఊటలో స్నానం చేస్తున్నది కాలవృశ్చికుడు! అతనికి ఒక్కసారిగా పారిపోవాలనిపించింది. ఆ వెంటనే ఇంత అదృష్టం ఎవడికి పడుతుందనీ అనిపించింది. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకునేలోపే అతన్ని సభామంటపంలో సింహాసనం మీద కూర్చోబెట్టేశారు.

ఆ సభ ఏమని చెప్పను! స్తంభాలకు పగడపు రంగు ఉన్ని చుట్టి ఉంది. నేలమీద ఏడు రంగుల కంబళి నెమలి పురిలా విచ్చుకుని ఉంది. పైకప్పునుంచి పట్టుకుచ్చులు, వెండి గంటలు, గువ్వల ఈకలు వేలాడుతున్నాయి. గోడల నిండా అంగీలు. ఏనుగుల అంగీ, చంద్రవంకల అంగీ, జామకాయ పట్టేంత పసిబిడ్డ అంగీ. సారంగుడు మొదట అబ్బురపడి ఒక్కో కూర్పూ పరిశీలించాడు. ఎంత చక్కటి పనితనం! తర్వాత భట్టు వాగుడులో తెలిసింది, అవన్నీ కాలవృశ్చికుడు చంపించినవాళ్లవి. మాంత్రికుడు వచ్చేలోపు వల్లరిని ఇక్కడినుంచి తప్పించాలి. వాడు రావడానికి ఇంకెంతో సేపు పట్టదు.

వల్లరిని పిలిపించేదెలా? రెండు చూపుడువేళ్లను సూదుల్లా పట్టుకుని అల్లుతున్నట్టు ఆడించాడు.

"ద్వంద్వయుద్ధం!" అన్నాడు భట్టు. ఇద్దరు మల్లులు తొడలు కొట్టుకుంటూ వచ్చారు.

సారంగుడు తల పట్టుకున్నాడు. ఈసారి ఒళ్లో ఉన్ని ఉండ ఉన్నట్టు, దాన్నుంచి దారం లాగుతున్నట్టు చూపించాడు.

"పేగులు తీయమంటున్నారు! ఎవరివి ప్రభూ?"

మల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒక్క అంగలో బయటికి దూకారు. సారంగుడు విసిగిపోయి మళ్లీ వేళ్లు ఆడించాడు. వంటవాడు గరిటెలతో సహా వచ్చాడు. చివరికి ద్వారం దగ్గరున్న ముసలి భటుడొకడు నసిగాడు. "అల్లిక పిల్లనేమో భట్టుగారూ."

"నాకు తెలియదట్రా! అదే చెప్పబోతున్నాను!"

వల్లరిని తీసుకొచ్చారు. ఖైదీకి అల్లిక ఉండకూడదు కాబట్టి ఏ రంగూ లేని మోటు ఉన్ని అంగీ తొడిగారు. ఆ దేశంలో అంతకు మించిన అవమానం లేదు. చూసినవాళ్లకు అక్కడ మనిషి ఉన్నట్టే అనిపించదు. చిక్కిపోయింది. చేతుల వేళ్లు మాత్రం ఊరికే ఉండలేక గాలిలోనే ఏదో అల్లుకుంటున్నాయి. ఆ వేళ్లను చూడగానే సారంగుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వల్లరి అతని కళ్లు చూడలేదు. ఎదమీది తేళ్లను చూసింది.

"మళ్లీ ఎందుకు పిలిచావు? నిన్న చెప్పిందే ఇవాళా చెబుతా. నాలుక కోసుకుంటాను కాని చెప్పను."

'నేనేనే తల్లీ' అని గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. చుట్టూ బల్లేలున్నాయి. ముందు ఈ మందను బయటికి పంపితే చెల్లెలితో గుట్టుగా మాట్లాడొచ్చు. చేతితో ద్వారం చూపించి, 'పొండి, పొండి' అన్నట్టు విదిలించాడు.

"కోడిపుంజులను వదలమంటున్నారు!" అన్నాడు భట్టు.

ఎవరో కోళ్ల కోసం పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే బయట బూరలు మోగాయి. ద్వారపాలకులు ఒక మనిషిని కట్టేసి ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చారు.

"తుహినపురి గూఢచారి ప్రభూ! ఈ అల్లిక మన కోటలో ఎవరిదీ కాదు! సింహద్వారంలోంచి దర్జాగా నడిచొస్తున్నాడు! అడిగితే ఉలకడు, పలకడు. పైగా మమ్మల్నే కళ్లెర్రజేసి చూస్తున్నాడు!"

సారంగుడు చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. నీలి నేల, తెల్ల లేళ్లు, పెనవేసుకున్న కొమ్ములు. తన అంగీ తన ఎదురుగా నిలబడి తననే చూస్తోంది!

ఊటలోంచి లేచిన మాంత్రికుడికి బండమీద వెచ్చగా ఆరిన ఈ ఒక్క అంగీయే దొరికింది. తొడుక్కోక తప్పలేదు. తీరా తన కోట గుమ్మంలో తన భటుల చేతే తన్నులు తిన్నాడు. నోరు తెరిస్తే శక్తి పోతుంది. తెరవకపోతే వీపు పోతుంది. ఎంతటి మాంత్రికుడైతే ఏం, తను చెక్కించిన శాసనం తన మెడకే చుట్టుకుంది. సారంగుడికి లోలోపల నవ్వొచ్చింది. ఒక్క సైగ చాలు, వీడి పీడ విరగడవుతుంది!

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అన్నయ్యా!" అని వల్లరి కేక పెట్టింది. భటులను తోసుకుంటూ వెళ్లి లేళ్ల అంగీ మీద వాలిపోయింది. "ఎందుకొచ్చావు అన్నయ్యా! వీళ్ల చేతిలో ఎందుకు పడ్డావు!"

ఆమె తప్పేముంది? పుట్టింది మొదలు ఎదను చూసి మనిషిని పలకరించిన పిల్ల. ఆ లేళ్లు తన చేత్తో అల్లినవి. ఎత్తు చూడలేదు, కళ్లు చూడలేదు.

సారంగుడు సింహాసనం మీద నుంచి లేచి, వాళ్లిద్దరినీ విడదీయమని రెండు చేతులూ బార్లా చాపాడు.

భట్టు గుండె కరిగిపోయింది. "ఆహాహా! ప్రభువులు కౌగిలి చూపిస్తున్నారు! అన్నాచెల్లెళ్లు కడసారిగా కౌగిలించుకోవచ్చట! కట్లు విప్పండిరా!"

కట్లు విప్పేశారు. సారంగుడు రెండు చేతులూ పిచ్చిగా ఊపాడు.

"ఏకాంతం కూడా ఇవ్వమంటున్నారు! దూరం జరగండి! అటు తిరగండి!"

భటులు ఇద్దరి చుట్టూ వలయం కట్టి వీపులు తిప్పి నిలబడ్డారు. సారంగుడు మెట్లు దిగి ఆ వలయం మీద పడ్డాడు. ప్రభువులు తమ క్రమశిక్షణను పరీక్షిస్తున్నారనుకుని భటులు మరింత బిగుసుకున్నారు. వాళ్ల భుజాల సందుల్లోంచి అతనికి చెల్లెలి మాటలు వినిపిస్తున్నాయి.

"నన్నెలాగూ బతకనివ్వరు అన్నయ్యా. నువ్వు ఎలాగైనా తప్పించుకుంటావు. నాకా నమ్మకం ఉంది. అమ్మ ఇచ్చిన విద్య నాతో బూడిదైపోకూడదు. పోగు ఎక్కడ పట్టుకోవాలో, ముడి ఎక్కడ వేయాలో చెబుతాను. ఏదీ, చెవి ఇలా పెట్టు."

లేళ్ల అంగీ తొడుక్కున్నవాడు నెమ్మదిగా చెయ్యెత్తాడు. అన్న నిమిరినట్టే ఆమె తల నిమిరాడు. ఆమె తలమీదుగా సారంగుడి వైపు చూశాడు. ఇందాకటి కోపం ఇప్పుడా కళ్లలో లేదు. తలవంచి చెవి ఇచ్చాడు.

వల్లరి పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

నోరు మూసుకుంటే రహస్యం పోతుంది, చెల్లెలి ప్రాణం పోతుంది, తుహినపురి పోతుంది. నోరు తెరిస్తే తన తల ఒక్కటే పోతుంది. ఈ లెక్క తేలేసరికి కాసేపు పట్టింది. తేలాక సారంగుడు ఇక ఆలోచించలేదు. ఊపిరితిత్తులు పగిలేలా అరిచాడు.

"వల్లరీ! ఆపు! వాడు నేను కాదే! నేను వీణ్ణి కాదు! నేనే నేను!"

ఇంగితభట్టు నోరు తెరిచి మూసి, మళ్లీ తెరిచాడు. ఆ మాటలకు అర్థం చెప్పడం అతనికి చేతకాలేదు.

"మాట్లాడాడు..." అన్నాడు ముసలి భటుడు. "ఒరేయ్, కాలవృశ్చికుడు మాట్లాడాడురా! దీక్ష చెడింది! వీడికిక శక్తి లేదు!"

ఏళ్ల తరబడి గుండెల్లో అణచుకున్న భయమంతా ఒక్క క్షణంలో కోపమైపోయింది. గోడలమీద వేలాడుతున్న అంగీల్లో ఆ భటుల అన్నలవీ ఉన్నాయి, బిడ్డలవీ ఉన్నాయి. "చంపండి!" అని ఎవరో అరిచారు. వలయం విచ్చుకుంది. బల్లేలన్నీ ఎర్ర తేళ్ల మీదికి తిరిగాయి. సారంగుడు స్తంభం చాటుకు దూకాడు. పగడపు ఉన్ని చీలుస్తూ ఒక బల్లెం అతని చెవి పక్కన దిగబడింది.

వల్లరి ఆ గొంతు విన్నది. చిన్నప్పటినుంచి కూనిరాగాలు తీస్తూ పక్కన కూర్చుని రంగురాళ్లు పేర్చిన గొంతు. ఆమె తేళ్లను చూసింది, లేళ్లను చూసింది, మళ్లీ తేళ్లను చూసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ చేయని పని అప్పుడు చేసింది. చెయ్యి చాపి ఎదురుగా ఉన్నవాడి ముఖపు తొడుగు లాగేసింది.

తొడుగు కింద ఉన్న ముఖం ఆమె ఎన్నడూ చూసింది కాదు. అది ఆమెను చూసి చల్లగా నవ్వుతోంది. మొదటి పోగు మొదలు చివరి ముడి దాకా ఆమె అప్పటికే అంతా చెప్పేసింది.